గ్రిజ్లీ ఎలుగుబంట్ల రక్షణలో మీ అభిప్రాయం తెలియజేయడం ఎలా

ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం చుట్టుపక్కల తిరిగే గ్రిజ్లీ ఎలుగుబంట్లు 1975లో అమెరికా చట్టరక్షణ కిందికి వచ్చాయి. 2017లో ప్రభుత్వం ఆ రక్షణను తొలగించగా, మరుసటి ఏడాది మోంటానాలోని ఫెడరల్ న్యాయస్థానం దానిని పునరుద్ధరించింది. ఇలాంటి మార్పును ప్రతిపాదించినప్పుడు వన్యప్రాణుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఆ ప్రతిపాదన పూర్తి పాఠాన్ని ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో ప్రచురించి, ప్రజాభిప్రాయాన్ని కోరుతుంది.

అభిప్రాయం పంపడానికి పౌరసత్వం అవసరం లేదు కనుక, అక్కడ వీసాపై ఉంటున్న తెలుగువారు కూడా రాయవచ్చు. ముందుగా ప్రతిపాదనను పూర్తిగా చదివి, డాకెట్ సంఖ్యను (ఆ ప్రతిపాదన ఫైలుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య), గడువు తేదీని రాసిపెట్టుకోండి. ఇది ఓట్ల లెక్కింపు కాదు. ఒకే నమూనా లేఖను వేలమంది పంపడం కంటే, పశువులు ఎక్కడ మేస్తాయో, ఎలుగులు ఏ రహదారిని దాటుతాయో స్వయంగా చూసిన వ్యక్తి రాసిన ఒక్క పేరా ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం. మీరు సవరించాలనుకుంటున్న నిబంధనను పేర్కొని, కారణాన్ని, ఆధారాన్ని జోడించండి. మీ లేఖను ఎవరైనా చూడగలరు కాబట్టి ఫోన్ నంబరు రాయకండి.

ఇంటి దగ్గర చేయవలసింది ఇంకా ముఖ్యం. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగును చివరికి అధికారులే చంపవలసిన పరిస్థితి తరచూ వస్తుంది. అందుచేత చెత్తను ఎలుగు తెరవలేని డబ్బాలో ఉంచి, కోళ్ల గూటికీ తేనెపెట్టెలకూ విద్యుత్ కంచె వేసి, రాలిన ఆపిల్ పండ్లను ఏ రోజుకారోజు ఏరివేయండి. ఉద్యానవనంలో ఎలుగుకు కనీసం 100 గజాల దూరం పాటించండి. ఎలుగు మీదికి వస్తే చల్లే ఘాటైన మిరప ద్రావణం, అంటే బేర్ స్ప్రేను, సంచిలో దాచకుండా నడుముకు తగిలించుకోండి.