పాసేజ్ అర్థమైంది, మరి మార్కులేవి?

హనుమకొండ నయీంనగర్‌లో సాయంత్రం బ్యాచ్‌కి ఇంగ్లీషు చెప్తాను. ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం ఐసెట్ రాసే డిగ్రీవాళ్లు, లా సీట్ల కోసం క్లాట్ రాసే ఇంటర్ పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పరకాల, నర్సంపేట, ములుగు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మాక్ టెస్ట్ అయ్యాక అందరిదీ ఒకటే మాట: "సార్, పాసేజ్ మొత్తం సమజైంది. టైమే సరిపోలే." ఆ వెంటనే స్పీడ్ రీడింగ్ నేర్పమంటారు. నేను నేర్పను. వాళ్ల పక్కన నిలబడి గడియారం చూస్తే తెలుస్తుంది, పాసేజ్ చదవడానికి పెద్దగా టైమ్ పట్టట్లేదు. చివరికి మిగిలిన రెండు ఆప్షన్ల మధ్య ఊగుతూ, పాసేజ్‌ని మళ్లీ మొదటి నుంచి చదువుతూ పోగొడుతున్నారు.

ముందు లెక్క చూసుకోండి. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. ఇంగ్లీషు ప్రశ్నలు 22 నుంచి 26 దాకా వస్తాయి, ఒక్కో పాసేజ్ 450 పదాల వరకూ ఉంటుంది. నిమిషానికి 200 పదాలు చదివేవాడికి పాసేజ్ రెండుంపావు నిమిషాల్లో అయిపోతుంది. ఈ వేగం ఇంటర్ చదివే ఎవరికైనా సాధనతో వస్తుంది. పాసేజ్‌కి ఆరు నిమిషాలు పెట్టుకున్నా ప్రశ్నలకు మూడున్నరకు పైనే మిగులుతుంది. ఐసెట్ ఇంకా బిగుతు: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. కాంప్రహెన్షన్‌వి, అంటే పాసేజ్ చదివి జవాబు పెట్టేవి, 15 ప్రశ్నలు, వాటికి పదకొండు నిమిషాలు దాటనివ్వొద్దు.

ప్రశ్నలు ముందు చదవాలా, పాసేజ్ ముందా అని ఏటా పెద్ద చర్చ. ఐసెట్‌లో నేరుగా అడిగేవి ఎక్కువ కాబట్టి ప్రశ్నల మీద ఒకసారి కన్ను వేసి రండి, ఆప్షన్లు మాత్రం చూడొద్దు. నాలుగు ఆప్షన్లలో మూడు అబద్ధాలే, వాటిని తలకెక్కించుకుని పాసేజ్‌లోకి వెళ్తే అవే కనబడతాయి. క్లాట్‌లో రచయిత ఉద్దేశం అడుగుతారు, అక్కడ నేరుగా పాసేజ్‌లోకి దిగడమే మంచిది.

చదివేటప్పుడు వివరాలు గుర్తుపెట్టుకోవాలని చూడకండి. ఏది ఏ పేరాలో ఉందో తెలిస్తే చాలు, కావాలంటే వెనక్కి వెళ్లి పది సెకన్లలో పట్టుకోవచ్చు. ఒక్కో పేరా అయ్యాక పక్కన రెండు మూడు మాటలు గీకండి, తెలుగులో రాసినా ఎవరూ అడగరు. 'బట్', 'హౌఎవర్', 'యెట్' కనబడ్డచోట సున్నా చుట్టండి. రచయిత అసలు మాట దాదాపు ఎప్పుడూ వాటి తర్వాతే ఉంటుంది. ఐసెట్ కంప్యూటర్ మీద కాబట్టి స్క్రీన్ మీద గీతలు గీయలేం, ఈ పని రఫ్ షీటు మీద చేసుకోవాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది గనక మన కన్ను వాక్యం అయిపోయేదాకా ఆగడానికి అలవాటుపడింది. ఇంగ్లీషులో క్రియ మామూలుగా కర్త వెనకే వచ్చేస్తుంది. నాలుగు లైన్ల వాక్యం ఎదురైతే ఎవరు, ఏం చేశారు అనే రెండింటినీ ముందు పట్టుకోండి, కామాల మధ్య ఉన్న సరంజామా అంతా తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఆప్షన్ల సంగతి. క్లాసులో ఇవ్వడానికి నేను ములుగు దగ్గరి రామప్ప గుడి మీద ఒక పాసేజ్ రాసుకున్నాను. మొదటి పేరాలో, టూరిస్టులు నీళ్ల మీద తేలే ఇటుకల గురించి విని అబ్బురపడతారని ఉంటుంది. రెండో పేరా 'హౌఎవర్' అని మొదలై, కట్టినవాళ్ల అసలు నేర్పు కంటికి కనిపించని ఇసుక పునాదిలో ఉందంటుంది. మూడో పేరాలో, గుడిని కాపాడాలంటే ముందు ఆ నేలను, నీరు పోయే దారిని చూసుకోవాలని ఉంటుంది. ప్రశ్న: ఈ పాసేజ్ ముఖ్య ఉద్దేశం ఏమిటి?

ఎ: 1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. బి: తేలే ఇటుకలే ఈ గుడి గొప్పతనం. సి: కట్టినవాళ్ల నేర్పు పునాదిలో ఉంది, సంరక్షణ అక్కణ్నించే మొదలవ్వాలి. డి: కాకతీయుల గుళ్లన్నీ ఇసుక పునాది వల్లే నిలబడ్డాయి.

ములుగు పిల్లలు కొందరు కళ్లు మూసుకుని ఎ పెడతారు. "అది కరెక్టే కద సార్, శాసనంలనే ఉంది!" ఉంది నాయనా, శాసనంలో ఉంది, పాసేజ్‌లో లేదు. మనకు బాగా తెలిసిన విషయం వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే జవాబు మన బుర్రలోంచి వస్తుంది. బి మొదటి పేరా చదివి ఆగినవాడి కోసం పెట్టింది, రచయిత ఆ తర్వాత దాన్నే కాదన్నాడు. డిలో 'అన్నీ' అనే మాట చూడండి, ఒక గుడి గురించి చెప్పినదాన్ని అన్నిటికీ అంటగట్టారు. మిగిలింది సి.

పరీక్షల్లో తప్పు ఆప్షన్లు చాలావరకు ఈ మూడు రకాలే: పాసేజ్‌లో లేని నిజం, పాసేజ్‌కి ఎదురు తిరిగేది, ఉన్నదాన్ని సాగదీసేది. ఇది ఒంటబడితే ఊగిసలాట తగ్గుతుంది. రెండు మిగిలినప్పుడు ఏది సరైనదో వెతక్కండి, దేంట్లో ఏ మాట తప్పో వెతకండి. ఒక్క మాట తప్పినా ఆప్షన్ మొత్తం పోయినట్టే. పైగా వెనక్కి వెళ్లి చూడాల్సింది ఆ ఒక్క వాక్యమే, పాసేజ్ మొత్తం కాదు.

రచయిత స్వరం అడిగే ప్రశ్నల్లోనూ ఇదే. నా పాసేజ్‌లో టూరిస్టుల మీద రచయితకు కోపం ఉందా అంటే సగం మంది ఉందంటారు. ఏ మాటలో కనబడింది చూపించమంటే చూపించలేరు. ఉన్నది కాస్త అసంతృప్తి, అంతే. ఘాటు మాట ఉన్న ఆప్షన్‌కి పాసేజ్‌లోనూ అంత ఘాటు కనబడాలి.

తెలియనివి వదిలేయాలా? ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి ఖాళీగా వదిలినా నష్టమే. క్లాట్‌లో తప్పుకు పావు మార్కు పోతుంది. అయినా నాలుగులో రెండు కొట్టేయగలిగితే పెట్టేయండి: ఒప్పయితే ఒకటి వస్తుంది, తప్పయితే పావే పోతుంది. పదే పదే చదివినా అర్థంకాని పాసేజ్ తగిలితే పట్టుదలకు పోకుండా దాటేసి చివర్లో రండి. ఒక్కదానికి పది నిమిషాలు పెడితే అవతల తేలికైన లెక్కలు మిగిలిపోతాయి.

సాధనకు రోజూ పేపర్లో ఎడిటోరియల్ చదవమని అందరూ చెప్తారు. చదవండి, మంచిదే. చాయ్ తాగుతూ చదివింది మాత్రం పరీక్షకు సాధన కిందికి రాదు, దానికి గడియారం పెట్టుకోవాలి. పాత పేపర్లు తీసి రోజుకు రెండు పాసేజ్‌లు చేయండి. ఐసెట్ వాళ్లు ఫోన్లో కాకుండా కంప్యూటర్ మీదే చేయండి, ఇంట్లో లేకపోతే వారానికి ఒకసారైనా నెట్ సెంటర్‌కి వెళ్లండి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా పై మూడు రకాల్లో దేనికి పడిపోయారో రాయండి. కొన్ని వారాల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే మీది ఏ రోగమో తెలిసిపోతుంది, ఎక్కువమందిది ఒకటే ఉంటుంది. బస్సులో వచ్చిపోయేవాళ్లు ఆ టైమ్‌లో ప్రశ్నలు చేయకుండా, పేరా చదివి ఒక్క ముక్కలో చెప్పుకోవడం మాత్రం చేయండి. పరకాల రోడ్డు కుదుపులకు ఆప్షన్లు ఎలాగూ కనబడవు.