వంశవృక్షం వెతుకుదాం – 4వ భాగం: కోర్టు కాలిపోయిన కౌంటీ

కిందటి భాగంలో అమెరికా జనగణన పుస్తకాలు చదవడం నేర్చుకున్నాం. ఈసారి కాస్త కష్టమైన చోటికి వెళ్దాం. వర్జీనియా రాష్ట్రంలో, జేమ్స్ నదికి దక్షిణాన బకింగ్‌హామ్ కౌంటీ (మన జిల్లాలాంటిది) ఉంది. 1761లో ఆల్బెమార్ల్ కౌంటీ నుంచి విడదీశారు. ఒకప్పుడు పొగాకు పొలాలు, అర్వోనియా దగ్గర పలకరాతి క్వారీలు దాని బతుకుతెరువు. థామస్ జెఫర్సన్ గీసిన నమూనాతో కట్టిన అక్కడి కోర్టు 1869లో కాలిపోయింది. వీలునామాలు, భూమి దస్తావేజులు, పెళ్లి పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగక్కర్లేదు. కోర్టులో ఉన్నది పోయింది కానీ, రాజధానికి పంపిన నకళ్లు పోలేదు. 1782 నుంచి వర్జీనియాలో దాదాపు ఏటా (1808లో తప్ప) పన్ను జాబితాలు రాసి ఒక ప్రతి రిచ్‌మండ్‌కు పంపేవారు. అవి ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. రెండు రకాలు: భూమి పన్ను, చరాస్తి పన్ను. రెండోదాంట్లో గుర్రాలతో పాటు ఇంట్లో పదహారేళ్లు దాటిన మగవాళ్లనూ లెక్కపెట్టేవారు.

మన అసలు పాఠం చరాస్తి జాబితాతోనే. ఒక ఇంటిపేరు పట్టుకుని ఏడాది తర్వాత ఏడాది చదవండి. మధ్యలో ఒక్క ఏడాది కూడా వదలొద్దు. పదహారేళ్లు దాటిన కొడుకు తండ్రి లెక్కలో ఒక అంకెగా కనిపిస్తాడు. ఇరవై ఒకటి నిండాక సొంత పేరుతో వస్తాడు. 1810లో ఒక పేరు మొదటిసారి కనబడితే, ఆ మనిషి సుమారు 1789లో పుట్టి ఉండొచ్చు. వేరే ఊరి నుంచి వచ్చి స్థిరపడ్డవాడూ కావచ్చు కాబట్టి, అంతకుముందు ఏడాదితో పోలిస్తే అదే ఇంటిపేరున్న తండ్రి లెక్కలో ఒక అంకె తగ్గిందా అని సరిచూడండి. ఒకే పేరున్న ఇద్దరుంటే గుర్రాల సంఖ్యే వాళ్లను విడదీస్తుంది. ఏటా నాలుగు గుర్రాలున్నవాడు ఒకడు, ఒక్కటే ఉన్నవాడు ఇంకొకడు.

తర్వాత భూమి పన్ను తీయండి. పేరు పక్కన 'ఎస్టేట్' అని ఉంటే ఆ మనిషి చనిపోయాడన్నమాట. మరుసటి ఏళ్లలో ఆ 300 ఎకరాలు వంద ఎకరాల చొప్పున మూడు పేర్ల మీదికి చీలితే, వారసులెవరో వీలునామా లేకుండానే తెలిసే అవకాశం ఉంది.

ఇక బానిసత్వంలో మగ్గిన కుటుంబాల సంగతి. ఇక్కడ తప్పు మంటలది కాదు, చట్టానిది. 1850, 1860 జనగణనల బానిస జాబితాల్లో యజమాని పేరు ఉంటుంది. ఆ మనుషులకు మాత్రం వయసు, లింగం, రంగు తప్ప సాధారణంగా పేరు ఉండదు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు జనగణనకు ఎక్కింది 1870లోనే. ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రను చదువుగా నిలబెట్టిన కార్టర్ జి. వుడ్సన్ 1875లో ఈ కౌంటీలోని న్యూ కాంటన్‌లోనే పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. అందుకే ఈ కౌంటీ కాగితాలు అంత జాగ్రత్తగా చదవాలంటాను.

అభ్యాసం: పాత రికార్డులు చూపించే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఖాతా ఉచితం. 1870 బకింగ్‌హామ్ జనగణనలో ఒక నల్లజాతి కుటుంబాన్ని ఎంచుకోండి. ఇంటి పెద్దతో బంధుత్వం చెప్పే గడి 1880లో గానీ రాలేదు, కాబట్టి ఆ ఏడాది పుస్తకంలోనూ ఆ కుటుంబాన్ని వెతికి ఎవరు ఎవరికి ఏమవుతారో ఖాయం చేసుకోండి. తర్వాత 1870లో చుట్టుపక్కల ఉన్న భూస్వాముల పేర్లు రాసుకోండి. 1860 బానిస జాబితాలో ఆ భూస్వాముల కింద, పదేళ్లు తగ్గించిన వయసులు సరిపోతాయేమో చూడండి. సరిపోయినా అది ఆధారం కాదు, ఒక జాడ మాత్రమే. పెన్సిల్‌తోనే రాయండి.

ఇంకో మాట. మీరు వెతికే ఊరు కౌంటీ పడమటి భాగంలో ఉంటే 1845 తర్వాత బకింగ్‌హామ్‌లో దొరక్కపోవచ్చు. 2016లో తెలంగాణ జిల్లాలు విడిపోయినప్పుడు ఊరు కదలకుండానే జిల్లా మారిందిగా, అలాగే అక్కడ కొంత భాగం అపొమాటాక్స్ కౌంటీలో కలిసింది. ఆ కోర్టు కూడా 1892లో కాలింది. వచ్చే భాగంలో అక్కడికే వెళ్తున్నాం.