చిన్న రీఫ్ అక్వేరియానికి వడపోత ఏర్పాటును ఎంచుకోవడం

పగడాలను పెంచే చిన్న ఉప్పునీటి తొట్టెకు ఏ ఫిల్టర్ కొనాలో ఆలోచించే ముందు, అందులో రోజూ ఎంత మేత పడుతుందో, వారానికి ఎంత నీరు మార్చగలమో తేల్చుకోవాలి. తొట్టెలో పేరుకునే మలినం దాదాపుగా మేత రూపంలోనే లోపలికి వస్తుంది. అది బయటకు పోయే దారులు కల్పించడమే వడపోత పని. వంద లీటర్ల లోపు తొట్టెలో ఈ దారులన్నింటిలోకీ నమ్మదగినది నీటి మార్పిడే అని నా అభిప్రాయం.

ఒక లెక్క వేసి చూద్దాం. మలినం కుళ్లగా చివరకు మిగిలే నైట్రేట్ వారానికి 4 పీపీఎం (పది లక్షల పాళ్లలో 4 పాళ్లు) చొప్పున పెరుగుతోందనీ, దాన్ని తొలగించే మార్గం మరేదీ లేదనీ అనుకుందాం. వారానికి 10 శాతం నీరు మారిస్తే, నైట్రేట్ పెరుగుతూ పోయి చివరకు 40 పీపీఎం దగ్గర నిలుస్తుంది. ఎందుకంటే అందులో పదో వంతు తీసినప్పుడే ఆ వారం చేరిన 4 పీపీఎంకు సరిపోతుంది. 20 శాతం మారిస్తే 20 దగ్గర నిలుస్తుంది. పగడాలు పెంచేవారు చాలామంది 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంచాలని చూస్తారు కనుక, మిగిలిన తేడాను మేత తగ్గించో, మరో పరికరం చేర్చో పూడ్చుకోవాలి. 40 లీటర్ల తొట్టెలో 20 శాతమంటే 8 లీటర్లు, అంటే ఒక బకెట్ నీరే. తొట్టె చిన్నదైనందువల్ల కలిగే ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోవడం మంచిది.

ఏ ఏర్పాటుకైనా పునాది రాయి. సన్నని రంధ్రాలతో నిండిన లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నివసించే రాయి) మీద స్థిరపడే బాక్టీరియా, చేపల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తుంది. ఎండు రాయితో మొదలుపెడితే ఇది కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది; అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరేవరకు జీవులను వదలకూడదు. రాళ్లను గోడలా పేర్చకుండా, వాటి మధ్య నీరు పారేలా సందులు ఉంచాలి. ఫిల్టర్ పంపు ప్రవాహం ఒక్కటే పగడాలకు సాధారణంగా చాలదు కనుక, తొట్టెలో నీటిని కదిలించే వేవ్‌మేకర్ అనే పంపును విడిగా పెట్టుకోవలసి ఉంటుంది.

రాయి తర్వాత పరికరాలను ఎక్కడ అమర్చాలన్న ప్రశ్న వస్తుంది. మొదటిసారి మొదలుపెట్టేవారికి, వెనుక అరలు ఉన్న తొట్టెనే నేను సూచిస్తాను. నీరు పై అంచు నుంచి మొదటి అరలోకి జారి, స్పాంజి లేదా దూదిలాంటి ఫ్లాస్ గుండా, ఆపై యాక్టివేటెడ్ కార్బన్ గుండా సాగి, చివరి అరలోని పంపు ద్వారా తిరిగి వస్తుంది. ఫ్లాస్‌ను మూడు నాలుగు రోజులకోసారి తప్పక మార్చాలి. వారం దాటిన స్పాంజిని బకెట్ నీటిలో ఒక్కసారి పిండి చూడండి. గోధుమ రంగు బురద మేఘంలా విప్పారి, బకెట్ అడుగు కనిపించకుండా పోతుంది. తీయకుండా వదిలేస్తే అదంతా అక్కడే కుళ్లి నైట్రేట్‌గా మారుతుంది. కానిస్టర్ ఫిల్టర్‌ను రీఫ్ తొట్టెకు నేను సిఫార్సు చేయకపోవడానికి కారణమూ ఇదే: మూత బిగించిన డబ్బాను తరచుగా విప్పి కడిగే ఓపిక చాలామందికి ఉండదు. అంచుకు తగిలించే హ్యాంగ్-ఆన్ ఫిల్టర్, వెనుక అరలు లేని తొట్టెకు చాలినంత మంచి ప్రత్యామ్నాయం.

ప్రోటీన్ స్కిమ్మర్ పనితీరు వేరు. ఉప్పునీటిలో పుట్టే సన్నని బుడగల ఉపరితలానికి సేంద్రియ పదార్థాలు అంటుకొని, నురుగుగా గొట్టం వెంట పైకెక్కి, కప్పులో ముదురు రంగు దుర్వాసన ద్రవంగా చేరతాయి. అవి కుళ్లి నైట్రేట్‌గా మారకముందే బయటకు పోవడం, నీటికి ప్రాణవాయువు బాగా అందడం దీని గొప్ప లాభాలు. అయినా రెండు చిన్న చేపలతో, వారం వారం నీరు మార్చే 40 లీటర్ల తొట్టెకు ఇది అవసరం లేదు. తొట్టె వంద లీటర్లకు దగ్గరపడినా, చేపలు ఎక్కువైనా కొనడం సమంజసం. కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, మొదటి రోజే నురుగు రాలేదని గాలిని అదేపనిగా సవరించకూడదు.

మేతతో వచ్చే మరో మలినమైన ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ మీడియాను (ఇనుము ఆధారిత గుళికలను), నీటిలో ఫాస్ఫేట్ ఎంతుందో పరీక్ష చేశాకే, కొద్దికొద్దిగా వాడాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోతే పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లు అనే హానికరమైన సూక్ష్మజీవులు విజృంభించే అవకాశమూ పెరుగుతుంది.

తొట్టె కింద సంప్ (గొట్టాలతో కలిపిన రెండో తొట్టె) పెట్టుకోగలిగితే మొత్తం నీరు పెరుగుతుంది, హీటర్, స్కిమ్మర్ కనిపించకుండా అమరుతాయి, ఒక అరలో దీపం కింద చీటోమార్ఫా పాచిని పెంచి నైట్రేట్‌ను తగ్గించవచ్చు. అయితే కరెంటు పోయినప్పుడు పై నీరు కిందికి దిగుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టెలో మట్టం 3 సెంటీమీటర్లు తగ్గితే 7.2 లీటర్లు సంప్‌లోకి చేరతాయి. గొట్టాల్లోని నీరు దానికి అదనం. అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. జీవులను వదలకముందే పంపు స్విచ్ ఆపి, సంప్‌లో నీరు ఎక్కడ ఆగుతుందో స్వయంగా చూసి, పంపు మళ్లీ నడిచి మట్టం నిలకడకొచ్చాక అది ఎక్కడుందో అక్కడ గీత గీసి, ఇకపై ఆ గీత దాటి నీరు పోయకండి.