పచ్చబొట్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: సమోవా 'పెఆ'

పోయిన పాఠంలో ఆదిలాబాద్ వైపు 'తోటి' అనే తెగ మహిళలు గోండులకు పొడిచే పచ్చబొట్లు చూశాం. ఈసారి పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు వెళ్దాం. టాటూ అనే మాటకు పుట్టిల్లు ఆ ప్రాంతమే. 1769లో జేమ్స్ కుక్ ఓడ తహితి చేరినప్పుడు, అక్కడివాళ్లు అనే 'తతౌ' మాట విని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు. సమోవాలోనూ అదే మాట.

ముందు పలకడం నేర్చుకోండి. సమోవా వాళ్లు 'జి' అక్షరం రాసిన చోట 'ఙ' పలుకుతారు. చిన్నప్పుడు పలక మీద దిద్ది వదిలేసిన మన ఙ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. పచ్చబొట్టు పొడిచే గురువును 'తుఫుఙ' అంటారు.

చదవడంలో మొదటి పని బొమ్మలు వెతకడం కాదు, చోటు చూడటం. నడుము నుంచి మోకాళ్ల దాకా నల్లగా, దట్టంగా కప్పేసి ఉంటే అది మగవాళ్ల 'పెఆ'. తొడల నుంచి మోకాళ్ల దాకా సన్నని గీతలతో, మధ్యమధ్య చర్మం కనిపిస్తూ ఉంటే అది ఆడవాళ్ల 'మలు'. మోకాలి వెనక ఉండే డైమండ్ ఆకారం పేరే మలు. ఆ మాటకు నీడనివ్వడం, కాపాడటం అనే అర్థాలున్నాయి.

రెండోది వరస. పెఆ వీపు దగ్గర మొదలై బొడ్డు దగ్గర ముగుస్తుంది. వీపు కింది భాగంలో అడ్డంగా ఉన్న పట్టీని 'వఆ' అంటారు, అంటే పడవ. దాని కింద వచ్చే గీతలు 'అసో', ఇంటి కప్పు వాసాలు. పెంకుటింట్లో పడుకుని పైకి చూస్తే దూలం నుంచి రెండు వైపులా దిగే వాసాలు కనిపిస్తాయి కదా, ఆ గీతలను అలాగే చూడండి. సముద్రం దాటించిన పడవ, తలదాచుకునే ఇల్లు ఒకే ఒంటి మీద ఉన్నాయి. నాకు ఈ పచ్చబొట్టులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

బొడ్డు దాకా రాకుండా నొప్పికి తట్టుకోలేక మధ్యలో ఆపేస్తే దాన్ని 'పెఆ ముతు' అంటారు, తెగిపోయిన పెఆ అని. అది ఇంటిల్లిపాదికీ తలవంపు. ఆ నొప్పి ఎలాంటిదో తెలియాలంటే పనిముట్టు చూడాలి. సంప్రదాయ పద్ధతిలో అడవిపంది కోరను దువ్వెన పళ్లలా చెక్కి, తాబేటి చిప్ప ముక్కకు కట్టి, దాన్ని కర్ర పిడికి బిగిస్తారు. ఆ పళ్లను మసిలో ముంచి చర్మం మీద ఆనించి, ఇంకో కర్రతో టకటకా కొడతారు. పక్కన కూర్చున్న సహాయకులు చర్మాన్ని లాగి పట్టుకుని నెత్తురు తుడుస్తుంటారు. మన ఇళ్లలో కాటుక పట్టినట్టే, నూనె గింజలు కాల్చి ఆ మసి పట్టేవాళ్లు.

ఇక బొమ్మలు. వరసగా పేర్చిన చిన్న త్రికోణాలు, కొక్కేల్లాంటి గీతలు కనిపిస్తాయి. వాటిలో 'ఙోఙో' సముద్రపు పక్షి, 'అతువలోవ' జెర్రి, 'అనుఫె' పురుగు. ఒక్కో బొమ్మకు ఒక్కో గుణం అంటగట్టే పట్టికలు ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి. వాటిని నమ్మకండి. చోటు, వరస వదిలేసి బొమ్మను విడిగా తీస్తే అది అక్షరమే, మాట కాదు. ట్రైబల్ డిజైన్ పేరుతో షాపుల్లో భుజానికి వేసేది ఎక్కువగా ఇలా విడదీసిన అక్షరాలనే.

అభ్యాసం: కాగితం మీద మనిషి వీపు, తొడలు గీయండి. పైన అడ్డంగా పడవ పట్టీ, దాని కింద అసో గీతలు పది. చేయి ఎత్తకుండా, ఒకే మందంతో రావాలి. చెరపకూడదు, ఎందుకంటే తుఫుఙకు రబ్బరు ఉండదు. కాగితం మీదే ఉంచండి, మీ ఒంటి మీదకు తీసుకోవద్దు. ఇది సమోవా కుటుంబాల మధ్య, వాళ్ల ఊరి సేవలో సంపాదించుకునేది.

వచ్చే పాఠంలో న్యూజీలాండ్ మావోరీల 'మోకో'. పాత పద్ధతిలో అది గుచ్చేది కాదు, ఉలితో చెక్కేది. ఈ పది గీతలు నిలకడగా వచ్చాకే అక్కడికి రండి.