‘యా’ అనే ముందు ఒక్క నిమిషం: జర్మనీలో ఎమ్మెస్‌కి బయల్దేరే చెల్లెలికి

మా పిన్ని కూతురికి జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. అప్పట్నుంచి రోజూ రాత్రి వాట్సాప్‌లో ప్రశ్నలే. కుక్కర్ తీసుకెళ్ళాలా, చలికోటు ఇక్కడే కొనాలా, హాస్టల్ దొరక్కపోతే ఏం చెయ్యాలి... వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ నా గొంతు పోయింది. అందుకే అంతా ఒకేసారి రాసేస్తున్నా. చదివేది అదైనా, దానిలాంటి ఇంకో అమ్మాయైనా నాకు చెల్లెలి కిందే లెక్క, ‘నువ్వు’ అనే పిలుస్తా.

నేను తెనాలి నుంచి మాగ్డెబుర్గ్ వెళ్ళింది 2022 అక్టోబరులో. ఎల్బే నది ఒడ్డున ఊరు, బెర్లిన్‌కి పడమరగా ఉంటుంది. అక్కడ నేను పడ్డ పాట్లన్నీ వరసపెట్టి చూసుకుంటే చలి వల్ల వచ్చినవి తక్కువ, చదువు వల్ల వచ్చినవి ఇంకా తక్కువ. చాలావరకు ఒక్క మాట వల్ల వచ్చాయి. ‘యా’. జర్మన్‌లో అవును అని. ఎదుటివాళ్ళు గబగబా ఏదో అంటారు, మనకి ముక్క అర్థం కాదు, మళ్ళీ అడిగితే ఏమనుకుంటారోనని తలూపేసి ‘యా, యా’ అంటాం. ఆ తలూపుడికి నేను కట్టిన బిల్లుల కథ ఇది.

ఇల్లు చూడందే డబ్బు పంపకు

మొదటి ‘యా’ తెనాలిలో కూర్చునే అన్నాను. విద్యార్థి హాస్టళ్ళకి అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అప్లై చెయ్యాలని తెలీదు. వీసా వచ్చాక చూద్దాంలే అని ఆగస్టు చివర్లో చేశాను. వెయిటింగ్ లిస్టులో పెట్టారు. టెన్షన్‌తో ఆన్‌లైన్‌లో వెతికితే బాల్కనీ, చెక్క నేల ఉన్న గది, నెలకి 290 యూరోలకే కనిపించింది. ఓనరు ఇంగ్లిష్‌లో ఎంతో మర్యాదగా మెయిల్ రాశాడు. తను లండన్లో ఉద్యోగం చేస్తున్నాడట, గది చూపించడానికి ఎవరూ లేరట, ఒక నెల అద్దె, ఒక నెల డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్లో పంపిస్తాడట. నచ్చకపోతే డబ్బు వాపస్ అట. నా పాస్‌పోర్టు కాపీ కూడా అడిగితే పంపాను. నాన్న బ్యాంకుకెళ్ళి 580 యూరోలు కట్టారు, అప్పట్లో దాదాపు 46 వేలు.

రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకి వెళ్తే అక్కడ పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది.

నాన్నకి ఏడాది దాకా చెప్పలేదు. ‘ఆ ఇల్లు కాలేజీకి దూరం, మారాను’ అన్నాను. ఆయన ‘బాల్కనీ ఉందన్నావుగా అమ్మా’ అని రెండు మూడుసార్లు అడిగారు.

కాబట్టి గుర్తుపెట్టుకో. ఓనరు వేరే దేశంలో ఉన్నానన్నా, ఊళ్ళో రేటుకంటే అద్దె బాగా తక్కువున్నా, తాళం కొరియర్లో వస్తుందన్నా, కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే డబ్బడిగినా ఆ మెయిల్ అక్కడితో మూసెయ్. ఆ ఊళ్ళో ఉన్న సీనియర్ ఎవరైనా గదిలోకి స్వయంగా వెళ్ళి వీడియో కాల్లో చూపిస్తే తప్ప పైసా పంపకు. మొదటి రెండు నెలలకి, సెలవులకో ఇంటర్న్‌షిప్‌కో వెళ్ళినవాళ్ళ గది తాత్కాలికంగా తీసుకోవడం మేలు. ప్రకటనలో ‘కాల్ట్’ అంటే ఉత్త అద్దె, ‘వార్మ్’ అంటే హీటింగూ వగైరా కలిపి. డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకి మించకూడదు.

ఆ తర్వాత ఐదు వారాలు సీనియర్ల ఇంట్లో హాల్లో పరుపేసుకుని పడుకున్నా. అసలు ఇబ్బంది పడక కాదు, కాగితం. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ‘ఈమె మా ఇంట్లో ఉంటోంది’ అని ఇంటివాళ్ళు రాసిచ్చిన కాగితం కావాలి. సీనియర్ల ఓనరు ఇవ్వనన్నాడు. ఆ నమోదు లేక టాక్స్ నంబరు రాలేదు, దాంతో పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరడమూ ఆగింది. గది ఒప్పుకునే ముందే ‘ఆన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇస్తారా’ అని అడుగు.

సొంత గది దొరికాక ఇంకో తమాషా. బ్యాంకు కార్డు మూడు వారాలైనా రాలేదు. అక్కడ ఫ్లాట్లకి మామూలుగా నంబర్లుండవు, పోస్ట్‌మన్ డబ్బా మీద ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. మా ఇంటిపేరు, నా రెండు ముక్కల పేరు కలిపితే ఆ వేలెడు చీటీలో పట్టలేదు. పేరొక్కటే రాసి అంటించాను. ఇంటిపేరు కనపడక నా ఉత్తరాలన్నీ వెనక్కి పోయాయి. తాళాలు చేతికొచ్చిన రోజే పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు డబ్బా మీదా, కింద కాలింగ్ బెల్ దగ్గరా అంటించు. స్నేహితుల ఇంట్లో ఉంటే అడ్రసులో వాళ్ళ ఇంటిపేరు ముందు కేరాఫ్ అని రాయించు.

వచ్చిన ప్రతి ఉత్తరం విప్పు, ఫోన్‌తో అనువాదం చేసి చదువు. నాకు మూడు ఒకేలాంటి ఉత్తరాలొస్తే ప్రకటనలనుకుని ఫ్రిజ్ మీద పెట్టాను. అవి రేడియో, టీవీ రుసుము బిల్లులు. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు, అడ్రసు నమోదైన నెల నుంచీ. ఇంటికి ఒక్కటే కడితే చాలు. గదులు పంచుకుంటే ఎవరో ఒకరు కట్టి, మిగతావాళ్ళు ఆ నంబరు చూపించి తప్పుకోవచ్చు.

మూడున్నర కాదు, రెండున్నర

మనకి ఇక్కణ్ణుంచి ఇచ్చే వీసా కొన్ని నెలలే ఉంటుంది. అది అయిపోయేలోపు అక్కడ రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. నాకు ఫోన్లో అపాయింట్‌మెంట్ ఇచ్చినామె ‘హాల్ప్ డ్రై’ అంది. హాల్ప్ అంటే అర, డ్రై అంటే మూడు. తెలుగులో లెక్కలు నేర్చుకున్న బుర్రకి అది మూడున్నర కాక ఇంకేమవుతుంది? ‘యా’ అన్నా.

జర్మన్‌లో అది మూడుకి అరగంట తక్కువ. అంటే రెండున్నర.

మూడూ ఇరవైకల్లా వెళ్ళి, పది నిమిషాలు ముందే వచ్చానని గొప్పగా కూర్చున్నా. నా వంతు అయిపోయి అప్పటికి యాభై నిమిషాలు. మళ్ళీ అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత, వీసాకేమో ఇంకా మూడు వారాలే ఉంది. ఆ రాత్రి ఏడుస్తూ సీనియర్‌కి ఫోన్ చేస్తే, ఆమె చెప్పిన మాట ఇప్పుడు నీకూ చెప్తున్నా. వీసా తేదీ దాటకముందే దరఖాస్తు చేరితే, నిర్ణయం వచ్చేదాకా నువ్వు చట్టప్రకారమే ఉన్నట్టు. అది చెప్పే తాత్కాలిక పత్రం అడిగి తీసుకోవాలి. అప్పటికప్పుడు అన్నీ స్కాన్ చేసి మెయిల్ పంపాను, పంపిన మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నా.

అంకెలు కూడా తిరగేసి పలుకుతారు. 24ని ‘నాలుగూ ఇరవై’ అంటారు. 42వ గది ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో అడగకు. క్లాసు టైమ్‌టేబుల్లో 10 పక్కన ‘సి.టి.’ అని ఉంటే 10:15కి మొదలవుతుందని.

జర్మన్ పూర్తిగా రాకపోయినా మూడు మాటలు బట్టీపట్టి విమానం ఎక్కు. ‘నోఖ్‌మాల్, బిట్టె’ అంటే ఇంకోసారి చెప్పండి. ‘లాంగ్‌సామర్, బిట్టె’ అంటే కాస్త మెల్లగా. ‘క్యోనెన్ జీ దాస్ ఔఫ్‌ష్రైబెన్’ అంటే రాసిస్తారా. నేను అడిగినప్పుడల్లా రాసే ఇచ్చారు. నేనే అడగడానికి ఏడాది పట్టించుకున్నాను.

తలుపు

నవంబరు, ఆదివారం సాయంత్రం. పొయ్యి మీద పప్పు పెట్టి, కూరగాయ తొక్కలు కింద డబ్బాలో పడేసొద్దామని నైటీ మీద స్వెటరేసుకుని హవాయి చెప్పులతో బయటికి అడుగేశాను. వెనక తలుపు ఠక్కుమంది. అక్కడి ఇంటి తలుపులకి చాలావాటికి బయటివైపు హ్యాండిల్ ఉండదు, తిరగని గుండు ఉంటుంది. తలుపు మూసుకుందా, ఇక తాళం చెవి ఉంటేనే. ఫోన్ లోపల, తాళం లోపల, పప్పు లోపల.

కింది అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ముందు ఉన్ని మేజోళ్ళు ఇచ్చి, తర్వాత తాళాలు తీసేవాడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అవతలి మనిషి ఏదో రేటు చెప్పాడు. నేనేమన్నానో నీకు తెలుసు.

219 యూరోలు. వాడొచ్చి వంచిన ప్లాస్టిక్ ముక్కతో నిమిషంలో తెరిచాడు. లోపల పప్పు మాడి, పొగ అలారం గోలగోలగా మోగుతోంది.

దగ్గర్లో ఉండే స్నేహితురాలి దగ్గర ఒక తాళం చెవి ఉంచు. మెట్ల దగ్గర నోటీసుబోర్డు మీద హౌస్‌మైస్టర్ నంబరుంటుంది, అంటే మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటి ఆయన, కాకపోతే ఈయనకి పనిగంటలుంటాయి. ఆ నంబరు ఫోన్లోనే కాదు, బుర్రలో ఉండాలి. తాళాలవాణ్ణి పిలవక తప్పకపోతే ‘తాళం వెయ్యలేదు, తలుపు మూసుకుందంతే’ అని చెప్పి, అన్నీ కలిపి ఎంతో ముందే ఖాయం చేసుకో. ఆదివారం రేటు వేరే. తాళం చెవి పోగొట్టుకుంటే ఇంకా పెద్ద ఖర్చు, బిల్డింగ్ మొత్తానికి ఒకే తాళాల వ్యవస్థ ఉంటే అదంతా మార్చమనొచ్చు. మన వల్ల వేరేవాళ్ళకి నష్టం జరిగితే కట్టే హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే ఇన్సూరెన్స్ ఉంటుంది, తీసుకునేటప్పుడు అందులో తాళాల సంగతి ఉందో లేదో చూసుకో.

మిగతావి గబగబా

మొదటిరోజు ఆరు సీసాల నీళ్ళ కట్ట కొని లిఫ్టు లేని నాలుగంతస్తులు మోశాను. అది సోడా. తెలీక దాంతోనే అన్నం వండాను. సీసా మీద ‘స్టిల్’ అని ఉంటేనే మామూలు నీళ్ళు, అసలు కుళాయి నీళ్ళే తాగొచ్చు. ఆ సీసాలు చెత్తలో పడేసేదాన్ని. అలాంటి ఒక్కో ప్లాస్టిక్ సీసాకి మామూలుగా 25 సెంట్లు ఫాండ్, అంటే డిపాజిట్, ముందే కట్టించుకుంటారు, సూపర్‌మార్కెట్లో మెషీన్లో వేస్తే వెనక్కొస్తాయి. పెరుగనుకుని క్వార్క్ కొనకు, అది వడకట్టిన ముద్ద. దాంతో పెరుగన్నం కలిపితే సిమెంటు కలిపినట్టుంటుంది. బుట్టర్‌మిల్ష్ మాత్రం అచ్చం మన మజ్జిగే.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పారాసిటమాల్ సూపర్‌మార్కెట్లో దొరకదు, మందుల షాపులోనే. కాబట్టి ఒక షీటు ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళు. రాత్రి జ్వరమొస్తే 116117, ప్రాణం మీదికొస్తే 112.

2023 మే నెలలో 49 యూరోల డాయ్చ్‌లండ్ టికెట్ కొత్తగా వచ్చింది, దేశమంతా లోకల్ రైళ్ళూ బస్సులూ ఎక్కే నెలవారీ పాస్. ముగ్గురం శనివారం క్వెడ్లిన్‌బుర్గ్ చూద్దామని బయల్దేరాం. చెక్క చట్రాల పాత ఇళ్ళ ఊరు, 1994లో యునెస్కో జాబితాలో చేరింది. రైల్లో ఏదో అనౌన్స్ చేశారు, తలూపి కళ్ళు మూసుకున్నా. హాల్బర్‌స్టాట్‌లో రైలు రెండు ముక్కలైంది. ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి. మేం కళ్ళు తెరిచేసరికి వెర్నిగెరోడె. అక్కడా కోట బాగుందిలే. కానీ నువ్వు మాత్రం పెట్టె మీద బోర్డు చూసి ఎక్కు. ఇప్పుడా టికెట్ 63 యూరోలు, ఐసీఈ లాంటి దూరప్రయాణపు రైళ్ళలో చెల్లదు. పట్టుబడితే ఊరుకోరు.

పరీక్షకి విడిగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు దాటితే అంతే సంగతులు. మార్కులు తిరగేసి ఉంటాయి, 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 అత్తెసరు. నాకు మొదటి సబ్జెక్టులో 1.3 వచ్చిందంటే నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘పదికి ఒకటీ పాయింట్ మూడా? పోన్లేమ్మా, కొత్త ఊరు కదా’ అన్నారు.

డబ్బు సంగతి. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే ఒక ఖాతాలో వెయ్యాలి, నెలనెలా కొంతే తీసుకోనిస్తారు, అదే బ్లాక్డ్ అకౌంట్. నేను వెళ్ళేటప్పుడు అందులో 10,332 యూరోలు చూపించాను. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904, అంటే నెలకి 992. మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని తేల్చి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ మా తర్వాతి బ్యాచ్ నుంచి తప్పనిసరి అయింది, దానికి ముందే అప్లై చెయ్యి. పని ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చెయ్యొచ్చు. యూనివర్సిటీలో చేసే స్టూడెంట్ అసిస్టెంట్ పని ఆ లెక్కలోకి రాదు కాబట్టి ముందు అది వెతుక్కో.

చివరగా సూట్‌కేసు. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి తీసుకురానివ్వరు. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఏవీ కుదరవు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, కరివేపాకు పొడి పరవాలేదు. మా అమ్మ చీరలో చుట్టి పెట్టిన కోడి పచ్చడి సీసా ఎయిర్‌పోర్టులో నా కళ్ళముందే డబ్బాలోకి పోయింది. ఆవకాయ తెచ్చుకో, మూతకి రెండు చుట్లు టేపు వేసి.

నిన్న మా పిన్ని కూతురు సర్దిన సూట్‌కేసు ఫొటో పంపింది. పెద్దది చేసి చూస్తే మూల, తువ్వాల కింద నుంచి ఎర్రగా సీసా మూత కనపడుతోంది. ‘అది కోడి పచ్చడే కదూ, తీసెయ్’ అని పెట్టాను.

‘యా’ అని జవాబిచ్చింది.