మాన్‌స్టైన్ గురించి చదివేటోళ్లు నోట్‌బుక్ ఇట్ల పెట్టుకోండి

మా నల్గొండల గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లలు రెండో ప్రపంచ యుద్ధంల హిట్లర్ కింద పనిచేసిన జర్మన్ జనరల్ మాన్‌స్టైన్ అనంగనే మస్తు తెలివైనోడు అని రాసుకుంటరు, యుద్ధ నేరాల కోర్టు సంగతి ఆఖర్ల రెండు లైన్లల్ల ముగిస్తరు. అట్ల చదవకండి, నోట్‌బుక్‌ల రెండు పేజీలు ఎదురెదురుగ తెరిచి పెట్టుకోండి.

ఎడమ పేజీల యుద్ధం రాయండి. 1940ల ఆర్డెన్స్ అడవిలకెళ్లి ట్యాంకులు పంపి ఫ్రాన్స్‌ను దెబ్బకొట్టే ప్లాన్ ఈయనదే, 1941 సెప్టెంబర్‌ల జర్మన్ 11వ ఆర్మీ చేతికొచ్చింది, 1942 జులైల క్రిమియాల ఉన్న సెవస్తొపోల్ పట్టుకున్నందుకు ఫీల్డ్ మార్షల్ అయిండు. స్టాలిన్‌గ్రాడ్‌ల చిక్కిన సైన్యాన్ని మాత్రం విడిపించలేకపోయిండు. 1944 మార్చిల హిట్లర్ తీసేసిండు.

కుడి పేజీల అవే నెలలు వేసి యుద్ధం ఎనుక ఊర్లల్ల ఏమైందో రాయండి, అసలు పని ఇక్కడనే ఉంటది, టైం తీసుకోండి. 1941 నవంబర్ 20న, యూదు-బోల్షెవిక్ (కమ్యూనిస్టు) వ్యవస్థను శాశ్వతంగ తుడిచెయ్యాలని ఈయన సంతకంతోని ఆర్డర్ వచ్చింది. డిసెంబర్‌ల ఆయన సైన్యం ఏలుబడిల ఉన్న క్రిమియా పట్నం సింఫెరొపోల్‌ల పది వేలకు పైగ యూదులను కాల్చి చంపిండ్రు. 1946ల నాజీ నాయకుల మీద విచారణ జరిగిన న్యూరెంబర్గ్‌కు సాక్షిగ వచ్చినప్పుడు ఆ ఆర్డర్ చూపిస్తే నాకు గుర్తులేదన్నడు. రజాకార్ల కాలం చెప్పేటప్పుడు మా నాయనమ్మ ఇల్లు కాలవెట్టినోని కంటె ముందు పంపినోని పేరు తీసేది, కుడి పేజీ చదివేటప్పుడు నాకు అదే యాదికొస్తది.

ఇగ తీర్పుకు వేరే పేజీ పెట్టండి. 1949 ఆగస్టుల హాంబర్గ్‌ల బ్రిటిష్ మిలిటరీ కోర్టు మొదలైంది, 17 అభియోగాలల్ల 9 రుజువైనయి. ఖైదీలను చూసిన తీరు, పౌరుల ప్రాణాలు కాపాడకపోవుడు అండ్లనే ఉన్నయి. శిక్ష 18 ఏండ్లు, తర్వాత 12కు తగ్గించిండ్రు, ఆఖరికి 1953 మేల బయటికొచ్చిండు. డిఫెన్స్ ఖర్చుకు చందా ఇచ్చినోళ్లల్ల చర్చిల్ కూడ ఉన్నడు, ఇది తప్పక రాసుకోండి, ఎందుకు ఇచ్చిండని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలె.

1955ల అచ్చయిన ఆయన ఆత్మకథను ఆఖర్ల చదవండి, నిండ ఎత్తుగడలే ఉంటయి, ప్రతి చాప్టర్‌కు తారీఖు చూసి కుడి పేజీ తెరవండి. 1953 కాడ సగం పేజీ ఖాళీగ వదిలి అండ్ల కోల్డ్ వార్ రాయండి, ఎందుకంటె కొన్నేండ్లకే పశ్చిమ జర్మనీ కొత్త సైన్యం కట్టుకునేటప్పుడు ఈయనను గూడ సలహా అడిగింది.