మోకాలి నొప్పి: నొప్పి ఉన్న చోటును బట్టి కారణం, పరిష్కారం

మోకాలు ఎక్కడ నొప్పి అంటే చాలామంది అరచేత్తో మోకాలంతా తడిమి చూపిస్తారు. ఒక్క వేలితో చూపించగలిగితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. నొప్పి ముందువైపా, లోపలివైపా, బయటివైపా, వెనక మడతలోనా అన్నదాన్ని బట్టి దెబ్బతిన్న భాగం వేరు, చేయాల్సిన పని వేరు.

మోకాలి కీలులో కలిసేవి మూడు ఎముకలు: పైన తొడ ఎముక, కింద కాలి పెద్ద ఎముక, ముందు చిప్ప. పిక్కకు బయటివైపుండే సన్న ఎముక కీలు దాకా రాకుండా దాని కిందే ఆగిపోతుంది. ఎముకల కొసల మీద నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ‘గుజ్జు అరిగింది’ అని అందరూ అనేది దీని గురించే. ఈ పొరలో రక్తనాళాలు లేవు కాబట్టి అరిగితే పూడటం కష్టం. నరాలూ లేవు కాబట్టి నొప్పి దానిలో పుట్టదు, కింది ఎముక నుంచీ కీలును చుట్టిన పొర నుంచీ వస్తుంది. రెండు పెద్ద ఎముకల మధ్య నెలవంక ఆకారంలో మెనిస్కస్‌లు అనే రెండు మెత్తలు, కీలును పట్టి ఉంచడానికి నాలుగు ముఖ్యమైన లిగమెంట్లు ఉంటాయి. తొడ ముందువైపు నాలుగు పాయల కండరం క్వాడ్రిసెప్స్. అది చిప్పను పట్టుకుని, అక్కడి నుంచి కాలి ఎముక మీది బొడిపెకు అతుక్కుంటుంది. చిప్ప దానికి బావి మీది గిలకలా పనిచేస్తుంది. ఈ కండరం నీరసిస్తే మిగతా భాగాలన్నిటి మీదా భారం పడుతుంది.

ముందు ఇవి కాదని తేల్చుకోండి

మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైనకొద్దీ మృదులాస్థి పాడైపోతుంది.

దెబ్బ తగిలాక ఎక్స్‌రే ఎప్పుడు కావాలో చెప్పడానికి ఒట్టావా నిబంధనలు ఉన్నాయి. వయసు 55 లేదా అంతకు మించితే, నాలుగడుగులు వేయలేకపోతే, మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే, ఒక్క చిప్ప మీద మాత్రమే నొక్కుడు నొప్పి ఉంటే, బయటివైపు సన్న ఎముక తల నొక్కితే నొప్పి పెడితే ఎక్స్‌రే తీయించాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. పుత్తూరు కట్టుకు వెళ్దామనుకునేవాళ్లు కూడా ఎక్స్‌రే చూపించుకున్నాకే ఆలోచించాలి. పక్కకు జరిగిన ఎముకకు పైన ఎంత బిగించి కట్టినా లోపల వంకరగానే అతుక్కుంటుంది.

మెట్లు దిగుతుంటే, కింద కూర్చుని లేస్తుంటే చిప్ప చుట్టూ నొప్పి

బస్సులోనో సినిమా హాల్లోనో మోకాళ్లు ముడుచుకుని గంటసేపు కూర్చుంటే కూడా ఈ నొప్పి వస్తుంది. మెట్లు దిగేటప్పుడు క్వాడ్రిసెప్స్ సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అప్పుడు చిప్ప తొడ ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. అందుకే ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే బాధ ఎక్కువ. గొంతుక్కూర్చుంటే ఆ ఒత్తిడి ఒంటి బరువుకు కొన్ని రెట్లవుతుంది.

కారణం ఎక్కువగా చిప్ప అరగడం కాదు, కండరం సిద్ధంగా లేకుండా పని పెంచడం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా అలిపిరి మెట్లెక్కి, మళ్లీ నడిచే దిగితే ఇదే జరుగుతుంది. రెండో కారణం తుంటి పక్క కండరం బలహీనత. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొంచెం వంచి చూడండి. మోకాలు బొటనవేలిని దాటి లోపలికి వాలిపోతుంటే, నొప్పి మోకాల్లో ఉన్నా లోపం తుంటి కండరంలో ఉన్నట్టే.

చేయాల్సినవి:

1. వెల్లకిలా పడుకుని, నొప్పి లేని కాలు ముడిచి, నొప్పి ఉన్న కాలును తిన్నగా చాపండి. తొడ కండరం బిగించి, మడమను సుమారు 30 సెంటీమీటర్లు లేపి 5 సెకన్లు ఆపి, మెల్లగా దించండి. 10 సార్లు చొప్పున 3 విడతలు.
2. పక్కకు తిరిగి పడుకుని పైకాలిని తిన్నగా పైకి లేపండి. ఇదీ 10 చొప్పున 3 విడతలు. కాలు ముందుకు జరిగితే వేరే కండరం పని చేస్తుంది. మడమ కాస్త వెనక్కే ఉండాలి.
3. నొప్పి తగ్గాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు. లేచేటప్పటికంటే కూర్చునేటప్పుడు నెమ్మదిగా చేయాలి, అసలు పని అక్కడే ఉంది.

చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఫరవాలేదు. మర్నాటికీ అది పెరిగే ఉంటే సగానికి తగ్గించండి. కండరం గట్టిపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. వారం చేసి ‘లాభం లేదు’ అని మానేయడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

నొప్పి, వాపు లేకుండా టకటకమని శబ్దం మాత్రమే వస్తుంటే దానికి మందక్కర్లేదు.

చిప్ప మీదే మెత్తటి వాపు

మోకాళ్ల మీద వంగి గచ్చు తుడిచేవాళ్లకు, టైల్స్ వేసేవాళ్లకు వస్తుంది. చర్మానికీ చిప్పకూ మధ్యనున్న బర్సా అనే తిత్తిలో నీరు చేరుతుంది. కీలుకు సంబంధం లేదు. మోకాలు ఆనించడం మానేసి, గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎర్రబడి వేడెక్కితే డాక్టరు చూడాలి.

చిప్ప కింద బొడిపె దగ్గర నొప్పి, 10-15 ఏళ్ల పిల్లలకు

ఆటలాడే పిల్లల్లో ఎదిగే ఎముకను టెండన్ (కండరాన్ని ఎముకకు అతికించే తాడులాంటి భాగం) లాగడం వల్ల వస్తుంది. ఎదుగుదల ఆగాక పోతుంది. పరుగెత్తే, దూకే ఆటలు తగ్గిస్తే చాలు, పూర్తిగా మంచం ఎక్కించక్కర్లేదు.

లోపలివైపు నొప్పి

మోకాలు 90 డిగ్రీలు వంచి కూర్చోండి. చిప్ప కింది టెండన్ పక్కన చిన్న పల్లం తగులుతుంది. అక్కడి నుంచి లోపలివైపుకు వేలు జరిపితే రెండు ఎముకల మధ్య సందు దొరుకుతుంది. నొప్పి ఆ సందు మీదే ఉంటే అరుగుదలో మెనిస్కస్సో కావచ్చు. సందుకు మూడు వేళ్ల కింద ఎముక మీద ఉంటే, మూడు టెండన్లు అతుక్కునే చోట ఉన్న బర్సా వాపు. ఇది అరుగుదల కాదు. ఐసు, తొడ వెనక కండరాలను సాగదీయడం, కొన్ని వారాల ఓపికతో తగ్గిపోతుంది.

45 దాటినవాళ్లకు, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే నొప్పి, పొద్దున అరగంటలోపు వదిలిపోయే బిగుసుదనం ఉంటే అది అరుగుదలే. ఎక్స్‌రే నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు. ఎంఆర్‌ఐలో ‘మెనిస్కస్ చిరిగింది’ అని రాగానే ఆపరేషన్‌కు పరిగెత్తకండి. 2008లో వెలువడిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో, 50 దాటి మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతానికి గడిచిన నెలలో నొప్పే లేదు.

అరుగుదల వైద్యంలో మొదటిది పైన చెప్పిన వ్యాయామాలే. రెండోది బరువు: ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. మూడోది కూర్చునే తీరు. బాసింపట్టు, పీట, నేల మీది మరుగుదొడ్డి బదులు కుర్చీ, కమోడ్ వాడాలి. చేతికర్ర నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఒక శాతం డైక్లోఫెనాక్ జెల్ మాత్రల కన్నా నిరపాయం, కానీ మోతాదు ఉండాలి: పూటకు 4 గ్రాములు, రోజుకు 4 సార్ల వరకు. ఆ లెక్కన ఒక మోకాలికే 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు రాదు. బఠాణీ గింజంత రాసి పనిచేయలేదనడం సరికాదు. కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. గ్లూకోసమైన్ మాత్రలు, హైలురోనిక్ ‘గుజ్జు ఇంజెక్షన్లు’ ఇవ్వవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ డబ్బు ఫిజియోథెరపిస్టుకు ఇవ్వడం మేలు.

కాలు మెలిపడి, మోకాలు ఉబ్బింది

ఉబ్బిన సమయం చూడండి. ‘టప్’మని తెగినట్టనిపించి రెండు గంటల్లోపే ఉబ్బితే లోపల రక్తం చేరుతోందని అర్థం, కీలును పట్టి ఉంచే నాలుగు లిగమెంట్లలో ఒకటైన ఏసీఎల్ తెగిందన్న అనుమానం బలంగా ఉంటుంది. మర్నాటికి నెమ్మదిగా ఉబ్బితే ఎక్కువగా మెనిస్కస్. మోకాలు పట్టేసి పూర్తిగా చాపలేకపోతే చిరిగిన ముక్క సందులో ఇరుక్కుని ఉండవచ్చు. బలవంతంగా లాగి చాపించకూడదు, ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కట్టు, ఐసు, కాలు ఎత్తులో పెట్టడం మొదటి రెండు రోజులు. ఆ సమయంలో నూనె మర్దన, వేడి కాపడం వద్దు, వాపు పెరుగుతుంది.

బయటివైపు

పరుగెత్తేవాళ్లకు, కొంత దూరం వెళ్లాక మొదలయ్యే నొప్పి తొడ పక్క పట్టీ ఒరుసుకోవడం వల్ల. దూరం తగ్గించి, తుంటి పక్క వ్యాయామం చేయాలి.

వెనక మడతలో ఉబ్బు

కీలులో ఎక్కువైన నీరు వెనక్కి తిత్తిలా వస్తుంది. దాన్ని తీయించడం కంటే నీరు ఊరడానికి కారణమైన అరుగుదలనో మెనిస్కస్‌నో సరిచేయాలి. పిక్క హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెడితే ఆ తిత్తి పగిలి ఉండవచ్చు, లేదా కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. చూసి చెప్పలేం, అదే రోజు రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ కావాలి.

వేలితో చూపలేని నొప్పి

రెండు మోకాళ్లతోపాటు మణికట్లు, చేతివేళ్లు నొప్పి, పొద్దున గంటకు మించి బిగుసుదనం ఉంటే కీళ్లవాతం పరీక్షలు కావాలి. జ్వరం వచ్చి తగ్గాక మొదలైతే చికున్‌గున్యా అయి ఉండవచ్చు, అది నెలల తరబడి వేధించగలదు. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో నడుము, మెడ కూడా వంగకుండా బిగుసుకుంటుంటే తాగే నీటిని పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మోకాలు ఎక్కడ నొక్కినా నొప్పి లేదు, వాపు లేదు, అయినా బాధ తగ్గట్లేదంటే తుంటిని చూడాలి. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఒకటే. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి తిప్పితే గజ్జలో నొప్పి వస్తే తుంటికే ఎక్స్‌రే తీయించాలి. 10-15 ఏళ్ల పిల్లలు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తొడ ఎముక తల పక్కకు జారుతూ ఉండవచ్చు. ఎక్స్‌రే చూసేదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వకూడదు.